వెలిగిన ఎలుక

మా ల్యాబులో ఒక చిన్న చీకటి గది ఉంది. మత్తిచ్చిన ఎలుకను అందులో కెమెరా కింద పడుకోబెట్టి తలుపు మూసేస్తాం. అంతకుముందే దాని తోకలోని నరానికి ప్రోబ్ అనే రసాయనం ఎక్కించి ఉంటాం. కిడ్నీ బాగుంటే ఆ రసాయనం వెలగకుండానే మూత్రంలో పోతుంది. లోపల దెబ్బ మొదలైతే మాత్రం అక్కడే వెలుగుతుంది. కంటికి కనబడని ఆ వెలుగును కెమెరా పట్టుకుని తెర మీద ఎర్రగా చూపిస్తుంది.

మొదటిసారి చూసినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అదే ఎలుక రక్తంలో క్రియాటినిన్ చూస్తే నార్మల్. మా ఊళ్లల్లో కిడ్నీ పరీక్ష అంటే ఆ క్రియాటినినే. అది పెరిగాక తెలుసుకోవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మా నాన్నకూ నార్మల్ అనే అన్నారు. అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో గెలలు కోసీ కోసీ భుజాలు పట్టేస్తే ఆయన రోజూ నొప్పి గోలీ వేసుకునేవాడు. ఆ మాట విన్నాక మరింత ధైర్యంగా వేసుకున్నాడు. ఉబ్బిన కాళ్లతో దవాఖానాకు పోయిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

తెర వెలిగినప్పుడల్లా నాన్న నా వెనకే నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. దయ్యాలను నేను నమ్మను. అయినా తలుపు తీసేముందు ఒకసారి వెనక్కి చూస్తాను.

మొన్న మిరపకాయలు ఏరే రోజుల్లో టేకులపల్లి దగ్గరి మా ఊరికి వెళ్లాను. చేలో మధ్యాహ్నం టీ పోస్తూ, కూలీలను తెచ్చే మేస్త్రమ్మ ఒక్కొక్కరి చేతిలో ఒక నొప్పి గోలీ పెడుతోంది, పెళ్లిలో తాంబూలం పంచినట్టు. అమ్మ కూడా చెయ్యి చాచింది. నాకు ఒళ్లు మండింది.

"నాయినను మింగింది ఆ గోలీలేనమ్మా. ఇంకా సాలదా?"

"నడుము వంగుతలేదు బిడ్డా, ఏం జేయమంటవు? మొన్న నువ్వే పరీక్ష చేయిస్తివి గద. మంచిగనే ఉందన్నరు."

"నాయినకు గూడ గట్లనే అన్నరు."

అమ్మ అరచేతిలోని గోలీని చూసుకుంది. "మరి మీ మిషన్ల నన్ను పెట్టి చూడరాదు?" అంది.

"అది ఇంకా మనుషులకు రాలేదమ్మా. ఎలుకలకే."

"ఎలుకకున్న నసీబు మనకు లేకపాయె!" అంది మేస్త్రమ్మ. ఆడవాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు.

"వెలిగినంక ఆ ఎలుకను ఏంజేస్తరు? మందిస్తరా?"

కోసి చూస్తాం, కెమెరా చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి. ఆ మాట అమ్మతో అనలేకపోయాను. నా ముఖం చూసి ఆమెకే అర్థమైంది.

"గంతేనా," అంది. గోలీ మింగలేదు, పారేయనూ లేదు. కొంగు చివర ముడేసుకుని మళ్లీ మిరప సాలులోకి వంగింది.

హైదరాబాదు తిరిగొచ్చాక రోజూ ఫోన్‌లో అడుగుతున్నాను, ముడి విప్పావా అని. "విప్పలే బిడ్డా, గట్లనే ఉంది," అంటుంది. నన్ను ఊరడించడానికి అంటోందేమోనని నా భయం. ఎలుక కడుపులోకి చూడగలను గానీ మా అమ్మ కడుపులోకి చూడలేను.

ఈరోజు కూడా తెర ఎర్రగా వెలిగింది. తలుపు తీసేముందు వెనక్కి తిరగలేదు. నాన్న పక్కన ఈసారి ఇంకెవరైనా ఉంటారేమోనని.