ఖర్జూరం కోతకు వెళ్లిన ఊరు

1976 జులై. మస్కట్ నుంచి ఖురియాత్ దాటి, ల్యాండ్ రోవర్‌లో ఇంకో నాలుగు గంటలు నడుములు విరగ్గొట్టుకుంటే వచ్చే ఒక చిన్న సముద్రతీరం. ఆ ఊరి పేరు రాయను. నావల్ల ఆ ఊరికి జరిగింది చాలు. నేనప్పుడు ఒక అమెరికన్ కన్సల్టెన్సీ కంపెనీలో సర్వేయర్‌ని. ఓడలకు చమురు నింపే డిపో ఒకటి, దాని పక్కన చిన్న విమానాలు దిగే స్ట్రిప్ ఒకటి కట్టడానికి ఆ స్థలం పనికొస్తుందేమో కొలిచి మ్యాపు గీయాలి. ఆ ఓడలు ఎవరివో కాగితాల మీద ఎక్కడా లేదు. అమెరికా నేవీవని టీ కాచేవాడితో సహా సైట్‌లో అందరికీ తెలుసు.

సర్వే అంటే మూడు కాళ్ల స్టాండు మీద దుర్భిణి పెట్టి చూడటం అనుకుంటారు చాలామంది. థియోడలైట్‌తో కోణాలు చూడటం, చైనుతో దూరాలు కొలవడం ఆర్నెల్లలో ఎవరికైనా వస్తుంది. కష్టమైనది డీటెయిల్ సర్వే. నేల మీద ఉన్న ఇల్లు, బావి, సమాధి, చెట్టు, అన్నిటినీ గుర్తించి అది ఏమిటో రాయడం. ఇళ్లకు మా కంపెనీలో రెండే అక్షరాలు. మనుషులుంటే ‘ఓ’, వాడకంలో లేకపోతే ‘డి’. ‘ఓ’ అని రాస్తే ఇంటికో ఫారం నింపాలి, ఇంట్లోవాళ్ల పేర్లు రాయాలి, వాళ్లకు తగిన చోటు చూపేదాకా పని ఆగాలి. ‘డి’ అని రాస్తే ఏ గొడవా లేదు.

ఇవన్నీ ఫీల్డ్ బుక్‌లో పెన్సిల్‌తో రాస్తాం. అందులో రబ్బరు వాడటం మా వృత్తిలో మహాపాపం. తప్పు పడితే దాని మీద ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొడి సంతకం పెట్టాలి. ప్రకాశం జిల్లా కాలవల సర్వేలో నాకు పని నేర్పిన పెద్దాయన, ఎవరి జేబులోనైనా రబ్బరు కనిపిస్తే లాక్కుని కాలవలో పారేసేవాడు.

మేం వెళ్లేసరికి ఆ తీరంలో పంతొమ్మిది ఇళ్లు ఉన్నాయి, ఒక్క మనిషి ఉన్నాడు. ఖర్జూరపు మట్టలతో అల్లిన ఇళ్లు. తలుపులన్నీ తాళ్లతో గట్టిగా కట్టి ఉన్నాయి. పడవల్ని అలలకు అందనంత పైకి లాగి, ఈతచాపలు కప్పారు. వలలు చుట్టి చూరుకు వేలాడదీశారు. ఆ ఒక్క మనిషికీ డెబ్బై ఏళ్లుంటాయి. వయసులో ఉండగా తెరచాప ఓడల మీద బొంబాయి, కరాచీ తిరిగినవాడు కాబట్టి హిందుస్తానీ బాగా వచ్చు. నన్నూ, మా డ్రైవర్ కమ్ చైన్‌మన్ మహబూబ్ బాషానూ నీడలో కూర్చోబెట్టి, కహ్వా కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టాడు. బాషాది కడప. ఎక్కడికి వెళ్లినా అరగంటలో అక్కడివాళ్లతో బంధుత్వం కలిపేస్తాడు.

“ఊళ్లో వాళ్లంతా ఏరి చాచా?” అన్నాడు బాషా.

“ఖర్జూరం కోతకు కొండల అవతల తోటలకు వెళ్లారు. ఈ కాలంలో సముద్రం పడవని దించనివ్వదు. కోతలై, ఎండలు తగ్గాక వస్తారు. మా తాతల నాటి నుంచీ ఇంతే. ఒక్కరు మాత్రం ఇక్కడ ఉండాలి. ఈ ఏడు నా వంతు.”

“ఒక్కరు ఉండి ఏం చేస్తారు?” అని అడిగాను నేను.

ఆయన నన్ను వింతగా చూశాడు. “నీలాంటివాడు వచ్చి అడిగితే, ఇది ఊరు అని చెప్పడానికి. ఇక్కడ పంతొమ్మిది కుటుంబాలు ఉంటాయి. రాసుకో బేటా.”

రాసుకున్నాను. పంతొమ్మిది ఇళ్లకూ ‘ఓ’.

మూడో రోజు మా చీఫ్ హార్లన్ వచ్చాడు. ఆయన్ని చెడ్డవాడిగా చూపిస్తే నా పని సులువవుతుంది కానీ, ఆయన చెడ్డవాడు కాదు. నన్ను పేరుపెట్టి పిలిచేవాడు, మా అమ్మ ఆరోగ్యం అడిగేవాడు. అసలు నాకు అమెరికా వాళ్లంటే భక్తి. నేను పుట్టింది క్రైస్తవ పల్లెలో, చదివింది అమెరికన్ మిషన్ బడిలో. నా కాన్పు చేసింది అమెరికన్ డాక్టరమ్మ. “ఆ దొరలే రాకపోతే నువ్వు గేదెలు కాసుకుంటూ ఉండేవాడివిరా దావీదూ” అనేది మా అమ్మ. బ్రిటిష్ వాళ్లు దేశాలు పట్టుకునేవాళ్లు, అమెరికా వాళ్లు ఆస్పత్రులు కట్టేవాళ్లు. నాకు తెలిసిన చరిత్ర అంతే.

ఆ మధ్యాహ్నం టెంట్‌లో హార్లన్ వాళ్ల తాత గురించి చెప్పాడు. స్పెయిన్‌తో యుద్ధం గెలిచాక అమెరికా ఫిలిప్పీన్స్ దీవులు తీసుకున్నప్పుడు, ఆయన నేవీ తరఫున అక్కడ సర్వే చేశాడట. ఓడలు అంతదూరం పోవాలంటే మధ్యలో బొగ్గు ఎక్కించుకునే రేవులుండాలి. ఎక్కడ బాగుంటుందో వెతికి మ్యాపు గీయడం ఆయన పని.

“అప్పుడు బొగ్గు, ఇప్పుడు చమురు. మా ఇంట్లో మూడో తరం నేను” అన్నాడు నవ్వుతూ.

“అక్కడ మనుషులు ఉండేవారు కాదా సర్?” అన్నాను.

“కొందరు ఉండేవాళ్లట. పక్కకు జరిగారు” అన్నాడు. నిజంగా అంతకన్నా ఆయనకు తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ ఆయనకు చెప్పి ఉండరు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఆ దీవుల్లో ఎంతమంది ఎదురు తిరిగారో, ఎంతమంది చచ్చారో చాలా ఏళ్లకు గానీ నేను చదవలేదు.

తర్వాత నా ఫీల్డ్ బుక్ తెరిచాడు. “ఈ ‘ఓ’లు ఏమిటి డేవిడ్? నువ్వెంతమందిని చూశావు?”

“ఒకర్ని సర్. మిగతావాళ్లు కోతలకు వెళ్లారని ఆయన చెప్పాడు.”

“సర్వేయర్ చూసింది రాయాలి. విన్నది కాదు. అవునా?”

అవును. నాకు పని నేర్పిన పెద్దాయన కూడా ఆ మాటే అనేవాడు. హార్లన్ ఇంకో మాట కూడా అన్నాడు. ‘ఓ’ ఉంటే ఫారాలు నింపడానికి నవంబరులో మళ్లీ రావాలి, క్లయింటుకు ఆగస్టులో మ్యాపు కావాలి, ఆలస్యమైతే ఈ ప్రాజెక్టు మీద వీసాలున్న వాళ్లందరూ ఇంటికి పోవాలి. బెదిరించినట్టు కాదు, సంగతి చెప్పినట్టే చెప్పాడు. చెప్పి, తన పెన్సిల్ నా చేతిలో పెట్టాడు. అమెరికా పెన్సిల్. దాని వెనక రబ్బరు ఉంటుంది.

ఒక్క గీత కొట్టి మార్చి ఉంటే, మొదట ఏం రాశానో ఎప్పటికైనా కనిపించేది. నేను తుడిచాను. పంతొమ్మిది ‘ఓ’లు తుడిచి పంతొమ్మిది ‘డి’లు పెట్టాను. రిమార్కుల్లో ‘కాపలాదారు ఒకడు’ అని రాశాను.

బయట బండి దగ్గర బాషా ఆ పుస్తకం చూశాడు. “ఏంది సార్, తుడిచేసినారే?”

“చూసింది రాయాలి బాషా.”

“చూసినాం గదా సార్. పడవలు చూడలా? వలలు చూడలా? పాడుబెట్టి పోయినోళ్లు తలుపులట్లా కట్టి పోతారా? కోతలై పోతానే వస్తారని ముసిలాయన నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినాడు గదా.”

“నువ్వు బండి తియ్యి” అన్నాను.

బాషాకు తెలియనిది ఒకటుంది. మాది మెట్ట ప్రాంతం. నా చిన్నప్పుడు ఏటా వరికోతలకు మా పల్లె మొత్తం డెల్టాకు వలస పోయేది. తలుపులకు తాడు కట్టి, కుండలు బోర్లించి పోయేవాళ్లం. ఒక ఏడు మేం తిరిగొచ్చేసరికి కరణం మా దొడ్డిని పోరంబోకు అని రాసేశాడు. మా నాన్న తాలూకాఫీసు మెట్ల మీద ఎన్ని రోజులు కూర్చున్నాడో నాకు తెలుసు. ఆ కరణాన్ని మా ఇంట్లో తిట్టని రోజు లేదు. తలుపుకు తాడు కట్టి ఉంటే అర్థమేమిటో ఆ టెంట్‌లో హార్లన్‌కు తెలియదు, నాకు తెలుసు. తెలిసి చేశాను.

అక్టోబరులో హద్దు రాళ్లు పాతించడానికి నన్నే పంపారు. బాషా సెలవు మీద కడప వెళ్లాడు. నేను వెళ్లేసరికి ముళ్లకంచె వేసేశారు, ఇళ్లను పీకి మట్టల్ని ఒక పక్కన కుప్ప పోశారు. కంచె బయట ఒంటెలు, మేకలు, ఖర్జూరం బుట్టలు, ఆడవాళ్లు, పిల్లలు. ఊరు తిరిగొచ్చింది.

ముసలాయన నన్ను దూరం నుంచే గుర్తుపట్టాడు. కొడుకుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. ఆ కొడుక్కి నలభై ఏళ్లుంటాయి, తండ్రి ముఖం చూడటం లేదు. వెనక ఊరి మగవాళ్లు నిలబడ్డారు.

“వీళ్లు నన్ను నమ్మడం లేదు” అన్నాడు ముసలాయన. “ఊరు ఖాళీ అని నేనే చెప్పానంటున్నారు. నేను నిద్రపోయానంటున్నారు, తీరం అమ్ముకున్నానంటున్నారు. కంచె నువ్వు తీయలేవు, నాకు తెలుసు. నేను నీకు ఏం చెప్పానో అది ఒక్కటి వీళ్లకు చెప్పు బేటా. అంతే అడుగుతున్నాను.”

నా పక్కన హార్లన్ అసిస్టెంటు ఉన్నాడు, ఆఫీసు నుంచి వచ్చిన గుమాస్తా ఉన్నాడు. ఈయన చెప్పాడని నేనంటే, చెప్పినా ‘డి’ రాశావా అని తర్వాతి ప్రశ్న వస్తుంది. ఫీల్డ్ బుక్ తెప్పిస్తారు. రబ్బరు మరకలు బయటపడతాయి.

“చాలా ఊళ్లు తిరిగాను చాచా” అన్నాను. “గుర్తు లేదు.”

కొడుకు తన చెయ్యి విడిపించుకుని వెళ్లిపోయాడు.

వాళ్లకు రాళ్ల అవతల ఇంకో చోటు చూపించారు. అక్కడ పడవని ఒడ్డుకు లాగడానికి ఇసుక లేదు. ఏడాది తిరక్కుండా చాలామంది ఖురియాత్‌కు, మస్కట్‌కు కూలికి చేరారు. ఇక డిపో సంగతి. ఎక్కడో పెద్దవాళ్ల ఆలోచన మారింది, ప్రాజెక్టు ఆగిపోయింది. అక్కడ ఒక్క పునాది కూడా తవ్వలేదు. కంచె మాత్రం ఉండిపోయింది.

కడప నుంచి తిరిగొచ్చిన బాషాకు ఎవరో చెప్పారు. “మీరేం రాసినా సరే, ఆఫీసు ఒత్తిడి అనుకుంటి” అన్నాడు. “గుర్తు లేదని ఎట్లా అన్నారు సార్, ఆయన పెట్టింది తినుండి?” ఆ తర్వాత డ్యూటీ మాటలు తప్ప నాతో ఏమీ మాట్లాడేవాడు కాదు.

1979లో కంపెనీ వదిలి ఇంటికి వచ్చేముందు, బాషానే బతిమాలి ఖురియాత్ చేపల బజారుకు వెళ్లాను. ముసలాయన కొడుకు అక్కడ ఎవరి దుకాణంలోనో చేపలు కోస్తున్నాడు. అతనికి హిందుస్తానీ కొంత అర్థమైనా, అరబ్బీ నేర్చిన బాషా చేత అరబ్బీలోనే చెప్పించాను, ఒక్క ముక్క కూడా తప్పిపోకూడదని. “మీ నాన్న చెప్పాడు. పంతొమ్మిది కుటుంబాలని చెప్పాడు, తిరిగొస్తారని చెప్పాడు. నేను రాసి, తుడిచేశాను. గుర్తు లేదన్నది అబద్ధం.”

అతను కత్తి పక్కన పెట్టి చేతులు కడుక్కున్నాడు. బాషాతో ఏదో అన్నాడు. నేను రెండుసార్లు అడిగాక బాషా చెప్పాడు.

“వాళ్ల నాయన పోయి ఏడాదయిందంట సార్. పొయ్యేదాకా ఈయన ఆయనతో మాట్లాడలేదంట.”

ఆ తర్వాత మన దేశంలో ఇరవై ఏళ్లకు పైగా సర్వే చేశాను. తలుపు మూసి ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి, వీళ్లెప్పుడొస్తారని ఇరుగుపొరుగును అడిగి, చెప్పినవాళ్ల పేరుతో సహా రాశాను. అవసరమైతే మళ్లీ వెళ్లాను. నా కింద పనిచేసినవాళ్లు ఇది చూసి, దావీదుగారంత నిజాయితీపరుడు డిపార్టుమెంటులో లేడనేవాళ్లు. రిటైరైన రోజు మైకు పట్టుకుని కూడా అదే అన్నారు. కాదని నేను అప్పుడూ చెప్పలేదు.