గుల్దాన్‌లో గంజి

మా బావ నా గులాబీలకు గంజి పోసి చంపాడు. నింద మాత్రం నా మీద పడింది.

జరిగింది ఇంతే. ఇన్నేళ్ళు ఇది కడుపులో పెట్టుకుని తిరిగినవాణ్ణి, మొన్న మా మనుమరాలికి ఎవరో పూలగుత్తి ఇచ్చిన నాడు ఆగలేకపోయాను. ఆ గుత్తితోపాటు ఒక చిన్న పొట్లం వచ్చింది. అందులో తెల్లటి పొడి. "తాతా, గిది నీళ్ళల్ల కలిపితే పూలు మస్తు రోజులు ఉంటయంట" అని పిల్ల సంబరంగా ఒంపబోయింది. నా చేయి దానంతటదే పోయి ఆ పొట్లం లాక్కుంది. "నీళ్ళల్ల ఏదీ కలపద్దు!" అని అరిచాను. ఇంట్లోవాళ్ళు టీవీ గొంతు తగ్గించి మరీ నన్ను చూశారు. ముసలాయనకు పూలమీద ఇంత కోపమేమిటని వాళ్ళ అనుమానం. కోపం పూలమీద కాదు. పొడిమీదా కాదు.

అరవైల మొదట్లో భువనగిరిలో మా నేతవాళ్ళ వాడకు ఒక పఠనాలయం ఉండేది. పేరు పెద్దది, ఉన్నది కిరాయి గది. ఒక బల్ల, కాళ్ళు ఊగే బెంచీలు, ఆలస్యంగా వచ్చే పత్రికలు. నన్ను మూడో తరగతిలోనే బడి మాన్పించి బాపు మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. కాబట్టి నా బడి, నా పంతులు, నా పలక అన్నీ ఆ గదే. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివితే ఎవరూ నవ్వని చోటు అదొక్కటే. అలాంటి గదిని ఖాళీ చేయమన్నాడు ఇంటాయన, బియ్యం బస్తాలు పెట్టుకుంటాడట. అప్పుడు వాడ పెద్దలు తిరగగా తిరగగా, హైదరాబాదు నుంచి ఒక పెద్దసారు వచ్చి చూస్తాడని, చూసి నచ్చితే సర్కారు జాగాలో ఒక గది ఇప్పిస్తాడని కబురు వచ్చింది. నచ్చకపోతే బల్ల లేదు, పత్రికలు లేవు, నాకు చదువు లేదు.

సారు కూర్చునే బల్లమీద గుల్దాన్, అదే పూలు పెట్టే కూజా, పెడదామన్నది నేనే. ఒక పాత పత్రికలో చదివాను. పూలకాడ కొసను ఏటవాలుగా కోయాలి, నీళ్ళలో మునిగే ఆకులన్నీ తుంచేయాలి, నీళ్ళు రోజూ మార్చాలి, ఎండ తగలనీయరాదు. ఇందులో తప్పేమైనా ఉందా? ఇవాళ్టికీ పద్ధతి ఇదే. దవాఖాన కంపౌండరు ఇంటి ముందర గులాబీలుండేవి. ఆయన చెట్టుకు ఆకు రాలినా ముఖం మాడ్చుకునే మనిషి. అటువంటాయనను బతిమాలి, ఇంకోసారి అడగనని ఒట్టు పెట్టుకుని, గుత్తెడు తెచ్చాను. ఇత్తడి గుల్దాన్‌ను చింతపండుతో తోమి, పత్రికలో చెప్పినట్టే అమర్చాను.

ఇక మా బావ. అక్క మొగుడు. పడుగుకు, అంటే మగ్గానికెక్కే నిలువు దారాలకు, గంజి పెట్టడంలో వాడ మొత్తంలో అతనికి సాటి లేరు, అది నేను ఒప్పుకుంటాను. పొద్దున్నే వీధి పొడవునా దారాలు సాగదీసి, జొన్నగంజి పట్టించి, కుంచెతో దువ్వుతుంటే మేకలు కూడా పక్క సందులోంచి తిరిగి పోయేవి. గంజి పట్టిన నూలు తెగదు, మగ్గంమీద బిర్రుగా నిలబడుతుంది. అక్కడితో ఆగితే బాగుండేది. లోకంలో ఏది వాలిపోయినా గంజి తక్కువై వాలిపోయిందనేవాడు. అక్కకు నడుము నొస్తే గంజి, గోడ పెచ్చులూడితే గంజి. దారం మెత్తగా జారాలని గంజిలో నాలుగు చుక్కలు కుసుమనూనె వేయడం అతని సొంత పద్ధతి. వాడలో ఇంకెవరూ వేయరు. ఈ నూనె సంగతి కాస్త గుర్తుంచుకోండి.

వస్తానన్న నాడు సారు రాలేదు. మర్నాడూ రాలేదు. నేను నీళ్ళు మారుస్తూనే ఉన్నాను, కాడల కొసలు కోస్తూనే ఉన్నాను. అయినా ఒకటి రెండు పూలు మెడ వంచాయి. బావ గుమ్మంలో నిలబడి చూసి, "ఏం బామ్మర్దీ, సారు రాకముందే నీ పూలు దండం పెడ్తున్నయి గదా!" అన్నాడు.

"ఇంకో రోజు ఉంటయి బావా. నీళ్ళు మారుస్తున్న."

"వట్టి నీళ్ళు తాగి ఎవడు నిలబడ్తడురా? నువ్వు నిలబడ్తవా?"

ఆ మధ్యాహ్నమే పెద్దలు నన్ను టేషనుకు తోలారు, సారు ఏ బండికి దిగుతాడో తెలియదు, దిగేదాకా కదలొద్దని. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. సారు మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చాక దిగాడు. ఆయన గొడుగు పట్టుకుని ముందు నడిచి, గొప్పగా తలుపు తీశాను. లోపలి నుంచి పులిసిన గంజి వాసన ఎదురొచ్చి ముఖానికి కొట్టింది. పూలన్నీ తలలు వేలాడేసి ఉన్నాయి. గుల్దాన్ చుట్టూ ఈగలు. సారు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది పఠనాలయమా, వంటిల్లా?" అన్నాడు. కూర్చోలేదు. వచ్చిన కాళ్ళతోనే తిరిగిపోయాడు.

గుల్దాన్ వీధిలో ఒంపాను. తెల్లటి గంజి, దానిమీద తేలుతూ నూనె బిళ్ళలు. తిన్నగా బావ దగ్గరికి పోయి అడిగితే, కుంచె ఆపకుండానే, "గంజా? నాకేం ఎర్క? నీ పత్రికల రాసుంటది, సూడు" అన్నాడు. వాడంతా ఆ మాటే పట్టుకుంది. సదువు సదువని తిరిగి ఆఖరుకు పూలకు గంజి పోసిండన్నారు నన్ను. నాకు గంజిగులాబీ అని పేరు పెట్టారు. నా పెండ్లి పందిట్లో కూడా అదే పేరుతో పిలిచారు. "పోనీరా, పూలే గదా" అని అక్క సముదాయించింది. పూలేనట! ఆ గదిలోకి బస్తాలు వచ్చాయి. పత్రికలు కిరాణా కొట్టుకు పోయి పొట్లాలయ్యాయి. ఆ తరువాత నేను చదివిన చదువంతా ఆ పొట్లాలు విప్పి చదివిందే. కథ సగంలో తెగేది. మిగతా సగం ఎవరి ఇంట్లో పప్పు మూట కట్టుకుందో!

మొన్నటి పొట్లం చూసిన మర్నాడే ఆటో ఎక్కి ఆ వాడకు పోయాను. అక్క ఎప్పుడో పోయింది. బావ నులకమంచంమీద ఎండ కాగుతున్నాడు, పండ్లు లేవు, చెవులు మాత్రం బాగా పనిచేస్తున్నాయి. కుశలం అడగలేదు. "గంజిల కుసుమనూనె ఎవరేస్తరు బావా?" అన్నాను. మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత అన్నాడు:

"నేనే పోసిన బామ్మర్దీ. నువ్వు టేషన్ల పడిగాపులు కాస్తుంటివి, గీడ నీ పూలు తలకాయలు వేలాడేసినయి. నాకు పానం ఒప్పలే. నూలు నిలబడ్తది, పూలెందుకు నిలబడయి అనుకున్న. వాడంత నవ్వేసరికి సిగ్గయి నోరు లేవలే. గవి ఒక్కనాడు నిలువలే గని, నీ కోపం సూడు, గిన్నేండ్లయినా వాడలే. దానికి రోజు ఏం నీళ్ళు మార్చినవురా?"