చీరల మూటకు సీటు

మా వైపు బస్సు పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి టవలు వేస్తారు. టవలు పడిన సీటు వేసినవాడిది. దీనికి చట్టం లేదు, చీటీ లేదు, అయినా అందరూ ఒప్పుకుంటారు. ఎవడైనా టవలు పక్కకు నెట్టి కూర్చుంటే బస్సంతా వాణ్ణి దొంగను చూసినట్టు చూస్తుంది. యాభై ఏళ్ళ పైబడి నేనూ ఈ మర్యాద పాటించాను. ఒకే ఒక్క రోజు పాటించలేదు. దాని ఫలితంగా పెనుకొండ కోర్టులో ఏ చెట్టు నీడ ఏ వేళకు ఎటు జరుగుతుందో నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

నాకు హిందూపురంలో బట్టల అంగడి ఉంది. ఆ రోజు ధర్మవరంలో పట్టుచీరలు తీసుకుని, పెనుకొండలో బస్సు మారాను. హిందూపురం బస్సు కిక్కిరిసి ఉంది. మధ్యలో ఇద్దరు కూర్చునే సీటు మీద మాత్రం ఒక ఎర్ర టవలు పరిచి ఉంది. ఎండ మండిపోతోంది, మోకాలు సలుపుతోంది. టవలు తీసి కింద పడేసి, కిటికీ పక్కన చీరల మూట పెట్టి, ఇవతల నేను కూర్చున్నాను.

టవలు వేసినాయన తోసుకుంటూ లోపలికొచ్చాడు. ఇంచుమించు నా వయసే. లేపాక్షి దగ్గర పల్లెలో సేద్యం చేస్తాడని, క్రైస్తవుడని, పెనుకొండలో ప్రార్థన కూటాలకు తల్లిని తీసుకొచ్చి ఇంటికి పోతున్నాడని తర్వాత తెలిసింది.

"మాయమ్మకని ఏసినానప్పా టవలు. ఎనకాల వస్తాండాది" అన్నాడు.

సీటు కోసం లేని అమ్మల్ని పుట్టించేవాళ్ళను చాలామందిని చూశాను. నేను కదల్లేదు.

"పోనీ, నువ్వు కూచో. ఆ మూట కింద పెట్టు" అన్నాడు.

"పట్టుచీరలప్పా ఇవి. కింద పెడితే నలిగిపోతాయి. మీయమ్మ నిలబడితే ఏమి, నలిగిపోతుందా" అన్నాను.

చుట్టుపక్కల ఒకరిద్దరు నవ్వారు. నా మాట చమత్కారంగా ఉందని నేనూ అనుకున్నాను. అప్పటికే ఆమె బస్సు మెట్లెక్కి, కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది. ఆ మాట విన్నది. విన్నదని కొడుకు చూశాడు. మరుక్షణం నా చెంప పగిలింది. నేను ఆయన చొక్కా పట్టుకున్నాను, రెండు గుండీలు నా చేతిలోకి వచ్చాయి.

కండక్టరు మమ్మల్ని, నా చీరల మూటను దించి బస్టాండులో ఉన్న కానిస్టేబులుకు అప్పగించి, బస్సు కదిలించాడు. మేం కొట్టుకున్న సీట్లో ఎవరో ఇద్దరు హాయిగా హిందూపురం పోయారు. టవలు కూడా వాళ్ళతోనే పోయింది. స్టేషన్లో ఒకే బెంచీ ఉంది. దాని మీద ఆ చివర ఆయన, ఈ చివర నేను కూర్చుని, ఒకరి మీద ఒకరం ఫిర్యాదు రాసిచ్చాం. మేం రాసినంతసేపూ ఆమె తలుపు పక్కన నిలబడే ఉంది. లేచి చోటివ్వాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. ఆయనకు కోపంలో తోచలేదు. నాకు మామూలుగానే తోచలేదు.

రెండు ఫిర్యాదులు రెండు కేసులయ్యాయి. ఒకదాంట్లో నేను బాధితుణ్ణి, రెండోదాంట్లో ముద్దాయిని. ఒకే పూట రెండు హోదాలు అనుభవించేవాణ్ణి. మా వకీలు ప్రతి వాయిదాకూ "మనది గట్టి కేసు" అనేవాడు. అవతలి వకీలూ అదే మాట అంటాడని ఒకరోజు విన్నాను. ఒక వాయిదాకు సాక్షి రాడు, ఒక వాయిదాకు కండక్టరుకు డ్యూటీ, ఒక వాయిదాకు వకీళ్ళు పని మానుకుంటారు. ఏడాది గడిచింది. ఆ చెంపదెబ్బ నొప్పి సాయంత్రానికే పోయిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు లోక్ అదాలత్‌కు రమ్మని నోటీసు వచ్చింది. కోర్టు ఆవరణలోనే షామియానా, మూడు కుర్చీలు. జడ్జిగారు, ఒక వకీలు, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకామె. చిన్న చిన్న తగాదాలు మాట్లాడుకుని తెంచుకోవచ్చు, ఖర్చు లేదు, ఇందులో ఓడినవాడు ఉండడు అని చెప్పారు. ఓడినవాడు ఉండకపోతే గెలిచినవాడు కూడా ఉండడు కదా. నాకు అదే నచ్చలేదు.

"నేను రాజీకి ఒప్పుకుంటా సార్" అన్నాడు ఆయన. "సర్కారోళ్ళు పంపే యెరూషలేము యాత్రకు మాయమ్మ పేరొచ్చింది. నేను తోడు పోకపోతే ఆయమ్మ పోలేదు. కేసుండాదని నా పాస్‌పోర్టు ఆపినారు."

అది వినగానే నాకు జాలి వేసిందని రాసుకుంటే బాగుండేది. నిజానికి నాకు పట్టు దొరికింది. "బస్టాండులో, అందరి ముందర నాకు క్షమాపణ చెప్పాలి" అన్నాను.

"చెప్తా. ఈయప్ప కూడా మాయమ్మకు ఒక్క మాట చెప్పల్ల" అన్నాడు ఆయన.

హెడ్‌మిస్ట్రెస్ నా వైపు చూసింది. "చెప్పచ్చు కదప్పా, పెద్దామెకు" అంది. హిందూపురంలో నలుగురూ నమస్కారం పెట్టే వ్యాపారిని, ఒక పల్లెటూరి ముసలామె ముందు తలవంచాలా అనిపించింది. కుదరదన్నాను. జడ్జిగారు కాగితం పక్కన పెట్టి, తర్వాతి కేసు పిలిచారు. ఆ పూట కోళ్ళ గొడవ, గోడ గొడవ, మైకు గొడవ అన్నీ తెగిపోయాయి. మాది మిగిలింది. నేను మీసం దువ్వుకుంటూ ఇంటికొచ్చాను.

తర్వాతి వాయిదా రోజు అంగట్లో ఆలస్యమై, హిందూపురం బస్టాండుకు కుంటుకుంటూ చేరేసరికి బస్సు నిండిపోయింది. మధ్య సీట్లో ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన టవలు వేసి ఉంది.

"కూచోప్పా" అని టవలు తీశాడు. "నువ్వు రాకపోతే మళ్ళా వాయిదా పడతాది."

దయతో కాదు, అవసరానికే అంటున్నానని ఆయన స్పష్టంగా చెప్పాడు. అయినా పెనుకొండ దాకా నేను కిటికీలోంచి బయటికే చూశాను. సిగ్గేసింది. ఏడాది తర్వాత వేసిందన్నమాట.

ఆ తర్వాత ముందెక్కినవాళ్ళు రెండోవాళ్ళకు టవలు వేయడం మాకు అలవాటైంది. కోర్టులో ప్రత్యర్థులం, బస్సులో పక్కసీటువాళ్ళం. చింతపండు ధర, మోకాళ్ళ నూనె, ఆయన బోరులో నీళ్ళు మాట్లాడుకునేవాళ్ళం. ఒకరోజు సోమందేపల్లి దాటాక నేనే అడిగాను, యాత్ర సంగతేమైందని.

"పోయిన నెల అందరూ పోయిరి" అన్నాడు. "మాయమ్మ బట్టల సంచి సర్దిపెట్టుకుని ఉండె. తర్వాత బచ్చలింట్లో నీళ్ళు పోసుకుంటా జారిపడె. తుంటి ఇరిగింది. ఇంక లెయ్యదంట."

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత సులువయ్యేది.

మొదటి లోక్ అదాలత్ అయిన మూడు నెలలకు మళ్ళీ అదే షామియానా, అవే మూడు కుర్చీలు. ఏమైనా షరతులున్నాయా అని జడ్జిగారు అడిగారు. లేవన్నాను. సంతకాలతో కలిపి ఆరు నిమిషాలు పట్టింది. రెండు కేసులూ తెగిపోయాయి. ఇంత చిన్న తగాదాకు అంత చిన్న కోర్టే సరైనదని, మూడు నెలల కిందట కూడా అది అక్కడే ఉందని అప్పుడు అర్థమైంది. పెద్ద కోర్టు ఆలస్యం చేసిందని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకు తిరిగాను. చివరి మూడు నెలలు కోర్టు చేసింది కాదు, నేను చేసింది.

"మీయమ్మకు ఒక మాట చెప్పల్ల" అన్నాను బయటికొచ్చాక.

"ఆయమ్మ ఈడికి రాలేదు కదప్పా. నువ్వే రావల్ల" అన్నాడు.

హిందూపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఒకే గది ఇల్లు. గోడవారన మంచం మీద ఆమె, మంచం కింద సర్దిన సంచి అలాగే ఉంది. నేను చెప్పాల్సింది చెప్పాను. బస్సులో అన్న మాట తప్పని, తల్లిలాంటిదానివని, మన్నించమని. దారంతా కూడగట్టుకున్న మాటలు నాలుగు ముక్కల్లో అయిపోయాయి.

ఆమె నన్ను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"చీరలప్పవా" అంది. "ఆ పొద్దు నిలబడుకునే ఉంటి కదప్పా, స్టేషన్లో. ఏమీ కాలేదు. కాళ్ళుండె అప్పుడు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎంత వెతికినా లేదు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఈయప్పకు కుర్చీ ఎయ్యి. మోకాళ్ళు నొస్తాయంటివే" అంది.

ఆ ఇంట్లో కుర్చీ ఒక్కటే ఉంది. ఆయన దాన్ని మంచం దగ్గరికి జరిపాడు. ఆమె మరోసారి కూర్చోమంది. నేను ఉన్నంతసేపూ నిలబడే ఉన్నాను.