టీ ఒలకని బండి

ఈ ఊళ్ళో పరుపుల పెద్దాయన పడుకోని వస్తువు లేదు. కుర్చీలు, బల్లలు, పడవలు, ఫైరింజను నిచ్చెన, ఒకసారి నడుస్తున్న రోడ్డు రోలరు... అన్నిటి మీదా వెల్లకిలా పడుకున్నాకే ఆయన వాటి మంచిచెడ్డలు చెప్పాడు. సరే, రోడ్డు రోలరు నడుస్తోందన్నది కాస్త ఎక్కువైంది. అది ఆగే ఉంది. ఫైరింజను నిచ్చెన మీద కూడా పడుకోలేదు, పడుకోబోతుంటే దింపేశారు. తక్కినదంతా అక్షరాలా నిజం. పడుకుని చూడందే ఆయన ఏ వస్తువూ కొనడు.

ఆయనది పరుపుల దుకాణం. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ దూది కూరి కుట్టడమే పని. కుట్టిన ప్రతి పరుపు మీదా ముందు తనే పడుకుంటాడు. గుండెల మీద నిండు గ్లాసు టీ పెట్టించుకుంటాడు. పనివాళ్ళు రెండు పక్కలా నిలబడి పరుపుని దబదబా బాదుతారు. చుక్క ఒలికిందా, పరుపు విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. అందుకే ఆయన తెల్లచొక్కాలన్నిటి మీదా గుండెల దగ్గర గోధుమరంగు దేశపటం ఒకటి ఉంటుంది. ఆ దేశాల సరిహద్దులు చెరపడం ఆయన భార్య వల్ల కాలేదు, ఏ సబ్బు వల్లా కాలేదు.

"నిలబడి చూస్తే లోకంలో ప్రతి వస్తువూ మంచిదే. వస్తువు గుణం వీపుకి తెలిసినట్టు కంటికి తెలీదు" అంటాడాయన.

ఫ్రిజ్ కొనడానికి వెళ్ళి దాని పక్కనే నేల మీద వాలిపోయాడు. దుకాణంవాడు హడలిపోయి మంచినీళ్ళు పట్టుకొచ్చాడు.

"కళ్ళు తిరిగాయా అండీ?"

"ష్, మాట్లాడకు. దీని గురక ఎలా ఉంటుందో వింటున్నాను."

గ్రంథాలయంలో ఒక లావుపాటి పుస్తకం తలకింద పెట్టుకుని, కాసేపు కళ్ళు మూసుకుని, "మెడ పట్టేస్తుందమ్మా, ఇంతకన్నా పల్చటిది ఉందా?" అని అడిగాడు. అక్కడ కూర్చునే ఆవిడ అప్పుడు చూసిన చూపు కాన్వెంటులో చదువుకున్నవాళ్ళకే అర్థమవుతుంది. ఎవరూ చెప్పకుండానే వెళ్ళి మోకాళ్ళ మీద నిలబడాలనిపించే చూపు అది.

అలాంటి పెద్దాయన ఒకరోజు పికప్ బండి కొంటానని షోరూములో అడుగుపెట్టాడు. అక్కడ ఆయన చేతికి చిక్కినవాడు అల్లుడు.

అల్లుడంటే పెద్దాయనకు అల్లుడు కాదు, షోరూము యజమానికి. పెళ్ళయిన నాటి నుంచీ ఊరంతా అతన్ని అలాగే పిలుస్తోంది. షోరూములో మామగారిని "సార్" అనాలి, ఇంట్లో "మామయ్యా" అనాలి. ఆ రెండు పిలుపుల మధ్య తిరిగి తిరిగి, కంగారు పడ్డప్పుడల్లా అతని నోటివెంట "మామయ్యసార్" అని వస్తోంది.

షోరూము మూల ఒక తెల్ల పికప్ ఎప్పటినుంచో కదలకుండా ఉంది. ఆ పొద్దున్నే మామగారు దాని మీది దుమ్ములో వేలితో ఒక గీత గీసి అల్లుడికి చూపించాడు.

"నువ్వొచ్చాక ఇంతవరకూ అమ్మింది ఒక తాళాల గుత్తి. అదీ మీ అన్నయ్యకి. కొత్త బళ్ళు దిగేలోపు దీన్ని అమ్మావా, సేల్స్‌లో ఉంటావు. అమ్మలేదా, వెనక గదిలో నట్లూ బోల్టులూ ఏరుకుంటావు."

"అలాగే మామయ్యసార్."

ఇంటికి ఫోను చేసి భార్యకు మొరపెట్టుకుంటే, "నాన్న మాటలు మనసులో పెట్టుకోకు. బండి మాత్రం అమ్మెయ్" అంది.

అందుకని పెద్దాయన గుమ్మంలో కనబడగానే అల్లుడికి దేవుడు చొక్కా తొడుక్కుని వచ్చినట్టనిపించింది. ఆ చొక్కా మీద మరక మాత్రం అతను గమనించలేదు.

"రండి బాబాయిగారూ, ముందు నడిపి చూడండి. ఇలా స్టీరింగ్ దగ్గర కూర్చోండి."

"నేనెందుకు కూర్చోవడం? నువ్వు నడుపు." పెద్దాయన చకచకా వెనక్కి వెళ్ళి, వెనక తలుపు దింపించి, సరుకు వేసే చోట కాళ్ళు బారజాపి పడుకున్నాడు. "ఒక గ్లాసు టీ తెప్పించు."

"తాగుతారా?"

"తాగను. పెట్టుకుంటాను."

టీ వచ్చింది, ఆయన గుండెల మీదికి ఎక్కింది. దారి కూడా ఆయనే చెప్పాడు. ముందు తన దుకాణం ఉన్న వీధి, తర్వాత మార్కెట్టు, ఆ తర్వాత రైలు పట్టాల మీది వంతెన. బండి మొదటి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగింది.

"ఫెయిల్!" అని వెనకనుంచి కేక.

"మీరు బండి కొనేది పరుపులు వెయ్యడానికే కదా బాబాయిగారూ? పరుపుకి కుదుపు తెలుస్తుందా?"

"పరుపుకి నోరు లేదు. దాని తరఫున నేను అడుగుతున్నాను. నడుపు."

దుకాణం ముందుకు రాగానే "మెల్లగా, మెల్లగా" అన్నాడు. అల్లుడు అద్దంలో చూశాడు. పెద్దాయన పడుకున్నవాడు పడుకున్నట్టే, ఎదురింటి మేడ మీద మూసి ఉన్న కిటికీకేసి చూస్తున్నాడు.

"తియ్యడు. మొండి ఘటం" అని గొణుక్కున్నాడు.

"ఎవరు బాబాయిగారూ?"

"నువ్వు రోడ్డు చూసి నడుపు."

మార్కెట్టులోకి వచ్చేసరికి జనం వాళ్ళంతట వాళ్ళే తప్పుకుని దారి ఇచ్చారు. కదలకుండా వెల్లకిలా పడుకున్న మనిషి, అతి నెమ్మదిగా పోతున్న తెల్లబండి. బేరాలు ఆగిపోయాయి. ఒక ముసలావిడ, "పాపం, నిద్రలోనే పోయినట్టున్నాడు, ఎంత ప్రశాంతంగా ఉన్నాడో" అని ముక్కు చీదింది. అప్పుడే చక్రం గుంతలో పడింది, టీ ఒలికింది, పోయిన మనిషి లేచి చొక్కా దులుపుకున్నాడు. ముసలావిడ సంచీ, అందులోని ఉల్లిపాయలు, ఆవిడ కేక ఒక్కసారే రోడ్డున పడ్డాయి. ట్రాఫిక్ పోలీసు పరిగెత్తుకొచ్చి బండి ఆపాడు.

"వెనక ఎవరు?"

"కస్టమరండీ" అన్నాడు అల్లుడు, చెమట తుడుచుకుంటూ.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాను. బేరమే ఇంకా కుదరలేదు" అంది వెనక గొంతు.

వంతెన మీద బండి ఆపించాడు. "రైలొస్తోందా?"

"వస్తోంది. లేచి చూడండి, కింద బాగా కనబడుతుంది."

"లేస్తే ఇంకేం పరీక్ష! పడుకుంటే వినబడుతుందా లేదా అన్నదే లెక్క." రైలు కూత వేసుకుంటూ కిందనుంచి వెళ్ళింది. "ఊఁ, బాగానే వినబడింది. పద. రేపొస్తాను."

మర్నాడొచ్చాడు. మరో చొక్కా, మరో టీ, అదే దారి, అదే ఫెయిల్. ఆ మర్నాడూ వచ్చాడు. అల్లుడు టైర్లలో గాలి కాస్త తగ్గించి చూశాడు. గేరు మార్చేటప్పుడు ఊపిరి బిగబట్టి చూశాడు. ఒకరోజు ఎంత మెల్లగా నడిపాడంటే, వెనకనుంచి సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టి దాటిపోయారు, వాళ్ళ వెనక ఒక నత్త... సరే, నత్త లేదు. టీ మాత్రం ఒలికింది.

మామగారికి ఓపిక నశించింది.

"ఆయన కొంటాడా, పడుకుంటాడా?"

"కొనడానికే పడుకుంటున్నాడు మామయ్యసార్."

"పక్క వీధి షోరూములోనూ ఇలాగే పడుకుని, లేచి వెళ్ళిపోయాడట. దాని అవతల షోరూములోనూ అంతే. వాళ్ళు గేటు దగ్గర మనిషిని పెట్టారు, ఈయన వస్తే బళ్ళ వెనక తలుపులు వేసెయ్యమని! రేపు నేనే వచ్చి చూస్తాను. అదే చివరిసారి. కొనకపోతే ఆయన తన పరుపుల మీదికి, నువ్వు నట్ల గదిలోకి."

ఆ రాత్రి అల్లుడికి కలలోకి నట్లు వచ్చాయి. అన్నీ ఒకే సైజు.

మర్నాడు మామగారు చెప్పినట్టే వచ్చి, దగ్గరుండి చూడాలని బండి వెనకే ఎక్కాడు. మామగారి ఒళ్ళు గురించి అల్లుడు మాట్లాడకూడదు. బండే మాట్లాడింది. ఆయన ఎక్కి వెనక చక్రాలకు సరిగ్గా పైన చతికిలబడగానే, కింద కుదుపు ఆపే కమానుపట్టీలు "అమ్మా" అన్నాయి.

మొదటి స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఎక్కింది, దిగింది. వెనకనుంచి కేక లేదు. రెండోది దాటింది. మార్కెట్టులో గుంత దాటింది. చప్పుడు లేదు. పెద్దాయనకు నిజంగానే ఏమైనా అయిందేమోనని భయపడుతూ అల్లుడు వంతెన మీద బండి ఆపి వెనక్కి పరిగెత్తాడు.

పెద్దాయన లేచి కూర్చుని ఉన్నాడు. చేతిలో గ్లాసు. అంచుదాకా నిండుగా, పైన మీగడ కట్టి, చెక్కుచెదరని టీ.

"ఖాళీ బండి కోతిపిల్లలా గెంతుతుంది. బరువు పడితే గృహస్థులా నడుస్తుంది" అన్నాడు పెద్దాయన. "కొంటున్నాను."

అల్లుడు ఆనందం పట్టలేక మామగారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "చూశారా మామయ్యసార్!"

"ఆగు. ఒక షరతు ఉంది." పెద్దాయన మామగారికేసి వేలు చూపించాడు. "బండితోపాటు ఈ బరువు కూడా కావాలి."

"నేనా?" అన్నాడు మామగారు.

"ఆదివారం పొద్దున ఒక్క గంట."

"ఇసుక బస్తాలు వేసుకోండి బాబాయిగారూ!" అని అల్లుడు మధ్యలో దూరాడు.

"బస్తా జరుగుతుంది. ఈయన జరగడు."

తన ఒంటిని ఇంత గౌరవంగా మెచ్చుకున్నవాడు మామగారికి పుట్టి బుద్ధెరిగాక తగల్లేదు. పైగా మూలనున్న బండి కదులుతోంది. "ఒక్క ఆదివారమే" అని ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున మామా అల్లుళ్ళు వెళ్ళేసరికి బండి పెద్దాయన దుకాణం ముందు లేదు, ఎదురింటి గుమ్మంలో ఉంది. మేడ మెట్ల మీదనుంచి దుకాణం పనివాళ్ళు నలుగురు ఒక వెడల్పాటి చెక్క మీద పరుపు మోసుకుని అడుగులో అడుగేసి దిగుతున్నారు. పరుపు మీద ఒక బక్కపలచటి ముసలాయన నిండా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

"పరుపు జాగ్రత్తరోయ్! మూల గోడకి తగుల్తోంది!" అని పెద్దాయన అరుస్తున్నాడు.

"పరుపు కాదురా, తగిలేది నా మోచెయ్యి!" అంది పరుపు మీది గొంతు.

"పరుపు మాట్లాడకూడదు!"

ఆయనెవరో పెద్దాయన భార్య అల్లుడి చెవిలో వేసింది. రైలింజను నడిపి రిటైరైన మనిషి. అందరూ రైలాయన అంటారు. వీళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి యుద్ధం. రైలాయన మేడ కిటికీలోంచి, "నీ పరుపు మీద పడుకుంటే కంకర మీద పడుకున్నట్టుందిరా!" అని అరిచేవాడు. పెద్దాయన దుకాణంలోంచి, "ఇంజనెక్కి పాడైన నడుముకి ఏ పరుపైనా అంతేరా!" అని అరిచేవాడు. వీధికంతా అదే కాలక్షేపం. ఆమధ్య రైలాయన మెట్ల మీద జారిపడ్డాడు. వెన్ను దెబ్బతింది. కూర్చోకూడదు, వెల్లకిలా పడుకోవాల్సిందే అన్నారు డాక్టర్లు. అప్పటినుంచీ కిటికీ మూసేశాడు. పైకప్పు తప్ప ఏమీ చూడలేదు, ఎవరినీ తిట్టలేదు.

"కిటికీ మూసిన నాటినుంచీ మా ఆయనకి అన్నం సయించలేదంటే నమ్ము. పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే తీసుకెళ్ళే బండి కావాలని ఊరంతా వెతికాడు. ఆ మాట నేనన్నానని మాత్రం అనకు" అందావిడ.

మామగారు ఎక్కి తన చోట్లో కూర్చున్నాడు. కమానుపట్టీలు "అమ్మా" అన్నాయి. పెద్దాయన రైలాయన పక్కనే పడుకుని, ఆయన గుండెల మీద నిండు గ్లాసు టీ పెట్టాడు.

"ఇదేంట్రా?"

"కదలకు. ఒలికిందంటే తప్పు నా పరుపుది కాదు, నీదే."

అల్లుడు జీవితంలో అంత బాగా ఎప్పుడూ బండి నడపలేదు. మార్కెట్టులో ఉల్లిపాయల ముసలావిడ ఈసారి ఇద్దరిని చూసి, సంచీ గట్టిగా పట్టుకుని గోడకి ఆనుకుంది. వంతెన మీద బండి ఆగింది. కిందనుంచి ఒక రైలు వెళ్ళింది. రైలాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"గూడ్సు బండి. నిండు బరువు మీదుంది. డ్రైవరు కుర్రాడు, కూత అవసరానికి మించి వేశాడు." కళ్ళు తెరిచాడు. పైన పైకప్పు లేదు. మబ్బులు పోతున్నాయి. చాలాసేపు చూసి, "నీ పరుపు" అన్నాడు.

"ఏం?"

"మునుపటంత దరిద్రంగా లేదు."

"నీ నోరు మాత్రం మునుపటిలాగే ఉంది."

రైలాయన నవ్వాడు. నవ్వు పొట్టలోంచి వచ్చింది, గ్లాసు గంతేసింది, గుండెల మీద కొత్త దేశం ఒకటి పుట్టింది. పెద్దాయన మోచేతి మీద లేచి ఆ మరకను పరీక్షగా చూశాడు.

"ఫెయిల్! వచ్చే ఆదివారం మళ్ళీ పరీక్ష."

"వచ్చే ఆదివారమా?" అన్నాడు మామగారు.

"బరువు మాట్లాడకూడదు."

అల్లుడు సేల్స్‌లోనే ఉన్నాడు. మామగారు ఏ ఆదివారమూ మానలేదు. ఎవరైనా అడిగితే, అమ్మిన బండిని ఒక కంట కనిపెట్టడం తన పద్ధతి అంటాడు. ఎదురింటి కిటికీ మళ్ళీ తెరుచుకుంది, తిట్లు మళ్ళీ మొదలయ్యాయి.

ఒకనాడు అల్లుడు దుకాణానికి వెళ్ళి, గల్లాబల్ల మీద పడుకుని ఉన్న పెద్దాయనను పట్టుకుని అడిగేశాడు. "ఇదంతా ఆయన కోసమే కదా బాబాయిగారూ?"

"ఎవడి కోసం? ఆ రైలుగాడి కోసమా? శుద్ధ అబద్ధం. పరుపుకి వారానికోసారి ఎండ తగలాలి, తిప్పుకొస్తున్నాను. ఎవడైనా దాని మీదనుంచి దిగనని మొండికేస్తే నేనేం చెయ్యను?"

"మరి ఆయన గుండెల మీద టీ?"

"టీయా?" పెద్దాయన చొక్కా మీది మరకను అరచేత్తో కప్పుకున్నాడు. "నేనసలు టీ ముట్టను."