తునికాకులా తడిపిన డ్రాగన్

మా ఇంట్లో ఒక డ్రాగన్ పుట్టి, పట్టుమని ఒక పూటైనా బతక్కుండా పోయింది. పుట్టించిందీ నేనే, పోగొట్టిందీ నేనే. మధ్యలో తిట్లు తిన్నది మాత్రం మా ఆయన. చెబుతాను, నవ్వుకోండి. నవ్వుకు ఖర్చేమీ లేదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు.

మొన్నటి వానాకాలంలో మా మనవరాలు శ్రావణి బడి ప్రదర్శనకు కాగితంతో డ్రాగన్ చేస్తానని పేరిచ్చింది. డ్రాగన్ అంటే రెక్కలు మొలిచిన పాము లాంటిది. కాళ్లూ కొమ్ములూ అదనం. కత్తెర పెట్టకూడదు, జిగురు పూయకూడదు, ఒకే కాగితాన్ని మడిచి చేయాలి. టీచరమ్మ తెప్పించి ఇచ్చిన మంచి కాగితం ఒక్కటే ఉంది. తెల్లారితే ప్రదర్శన. ఈ పిల్లేమో కంఠేశ్వర్ గుడి సందులో సైకిల్ మీంచి పడి చెయ్యి బెణికించుకుంది.

మూల కూర్చుని ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"ఏడిస్తే కాయిదం మడత పడ్తదా? ఇటియ్యి. బుద్ధెరిగినప్పటిసంది బీడీలు చేసిన చేతులివి."

"అవ్వా, గిది బీడీ కాదే. శానా కష్టముంటది."

"బీడీ అల్కగుంటదా? ఒక్క దినం చేసి సూడు."

ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించింది. అందులో ఎవరో జపానాయన నోరు విప్పకుండా మడతలు పెడుతున్నాడు. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆయన మాట్లాడకపోవడమే మేలైంది. కానీ ఆ కాగితముందే, అది పాత కోడలిలా మడిచిన ప్రతిసారీ ఎదురు తిరుగుతుంది. బీడీ చుట్టే తునికాకు బిరుసుగా ఉంటే ఏం చేస్తాం? శ్రావణి నోరు తెరిచేలోపే నీళ్లు చల్లి, తడి గోనెసంచిలో చుట్టేశాను.

నమ్మండి, నమ్మకపోండి, కాగితం మెత్తబడి చెప్పినట్టు విన్నది. నడుం పట్టేసినా లేవలేదు. మధ్యాహ్నానికి మెడ, రెక్కలు, కొమ్ములు, ఇంత పొడుగు తోక. శ్రావణి ఏడుపు మరిచి నా మెడ పట్టుకు వేలాడింది.

అయితే రెక్కలు తడిసిన కోడిలా వేలాడుతున్నాయి. బయట ఎండ లేదు. వానాకాలంలో బీడీలు మెత్తబడితే రేకు తట్టలో పోసి కుంపటి మీద ఆరబెడతాం. డ్రాగన్‌నూ అలాగే పెట్టి, ఎవరూ ముట్టొద్దని ఆజ్ఞాపించి, చాట ముందేసుకుని నా బీడీలకు కూర్చున్నాను.

కాసేపటికి పొగ వాసన తగిలింది.

మా ఆయనకు డాక్టరు బీడీ మానమన్నాడు. మాన్పించే పని నాది. లేచి నేరుగా అరుగు మీదికి పోయాను. డాక్టరు మాటలతో మొదలుపెట్టి, ఆయన వంశంలో పొగతాగిన వాళ్లందరినీ పేరుపేరునా తలుచుకున్నాను. ఆయన అంతా విన్నాడు.

"అయిపోయిందా? నా చేతుల సూడు, చాయ్ కప్పుంది. పొగ నీ ఎన్కకెల్లి వస్తుంది."

"మాట మార్చకు."

లోపలినుంచి శ్రావణి పిలిచింది. "అవ్వా, జల్ది రా. డ్రాగన్ కాలుతుంది."

తోక తట్ట అంచు దాటి నిప్పుల్లోకి జారిందట. నేను చేరేసరికి, బీడీ చుట్టినట్టు గట్టిగా చుట్టిన ఆ ఒంట్లోంచి పొగ నోటిగుండా వస్తోంది. మా ఆయన వెనకే వచ్చి తీరిగ్గా చూశాడు.

"డాక్టర్ దీనికి సెప్పలేదానె?"

శ్రావణి పెదవి వణికింది. అది చూశాక నేను కూర్చుంటానా? బీడీల పొగాకు వచ్చాక పరుపు కింద దాచిన తంబాకు సంచి కాగితం తీసి, కత్తెర ముట్టకుండా చదరంగా చింపి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చుక్క నీరు తగలనివ్వలేదు. పొద్దుగూకేలోపు డ్రాగన్ నాలుగు కాళ్ల మీద నిలబడింది. కాస్త లావు, కాస్త వంకర. బడిలో దాని దగ్గరికి వచ్చిన వాళ్లంతా చూసి మెచ్చుకుని, తర్వాత తుమ్మారట.

అందుకే కంఠేశ్వరుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీద కాగితాన్ని తడపను. తడిపినా కుంపటి మీద పెట్టను. ఒకవేళ పెడితే, పొగ వాసన రాగానే ముందు కుంపటి చూసి, ఆ తర్వాతే మా ఆయన్ని తిడతాను.