ఒకినావా కోసం తలనీలాలు

యుద్ధం ముగిసిన కొత్తల్లో తిరుపతిలో ఒకే అద్దె అరుగు మీద చెరో మిషను వేసుకుని నేనూ నా చిన్ననాటి స్నేహితుడూ బట్టలు కుట్టేవాళ్లం. జపాను దక్షిణాన ఒకినావా అనే దీవిలో అమెరికా సిపాయిలు దిగి ఉన్నారనీ, అక్కడ కొట్టు పెడుతున్న మద్రాసు సేటుకు దర్జీలు కావాలనీ వాడే కబురు తెచ్చాడు. ఫొటోలు దిగాం, పాస్‌పోర్టులు తెప్పించుకున్నాం. మద్రాసు పనులన్నీ వాడే తిరిగి చక్కబెట్టాడు.

ఇక రోజూ అదే లోకం. ఆ దీవిలో చెరుకు పండుతుందట, చలి పెద్దగా ఉండదట, గాలివానలు మాత్రం ఇళ్ల కప్పులు లేపుకుపోతాయట. అందుకని ఉన్నికోటు మానేసి నూలు చొక్కాలే కుట్టుకున్నాను. మా అమ్మ కారం దంచి, చింతపండు ఉండలు కట్టి ఇచ్చింది. తిరిగొచ్చి ఆ అరుగు వదిలి సొంత కొట్టు పెట్టుకోవాలి, అదొక్కటే నా ఆశ.

బయలుదేరే ముందు కొండకెళ్లి గుండు కొట్టించుకుందామన్నాడు వాడు. సముద్రం దాటేవాళ్లం, స్వామికి మొక్కు చెల్లించకుండా ఎలా పోతాం? ముందు నేను కూర్చున్నాను. మీసం కూడా పోయింది. నా పని అయ్యాక వాడు లేచి నిలబడ్డాడు.

"నా పెండ్లాం నీళ్లోసుకోనుండాదప్పా. కడుపుతో ఉండేదాని మొగుడు గుండు కొట్టించుకోకూడదు గదా."

ఆ ఆచారం మా ఇంట్లోనూ ఉంది, కాదనలేదు. అలాంటివాడు సముద్రమూ దాటకూడదంటారు. గుండుకు అడ్డొచ్చిన కడుపు ఓడకెందుకు అడ్డు రాలేదో నా మట్టిబుర్రకు తట్టలేదు.

మద్రాసులో సేటు గుమాస్తా నా పాస్‌పోర్టులో ఫొటో చూశాడు, నన్ను చూశాడు. ఉన్నది ఒక్కరికే చోటనీ, కోటు బాగా కత్తిరిస్తానని నన్నే అనుకున్నారనీ, ఇప్పుడు ఫొటోకు పోలికే లేని ఈ మొహంతో అక్కడి రేవులో దిగనివ్వరనీ అన్నాడు. జుట్టు తీయించవద్దని వాడితో ముందే చెప్పి పంపాడట. వాడు తల దించుకుని, మరిచిపోయానన్నాడు. నమ్మాను. నా చింతపండు ఉండలు కూడా వాడి చేతిలోనే పెట్టి ఓడెక్కించి వచ్చాను.

తిరుపతి చేరగానే వాడి భార్యకు ధైర్యం చెబుదామని వెళ్లాను. ఆమె నిండు బిందె చంకన పెట్టుకుని వస్తోంది. ఒట్టి మనిషివి కావు, బరువులు మోయకమ్మా అన్నాను.

"నేనా? ఎవురు సెప్పినారన్నా నీకు?"

"నీ మొగుడే. కొండ మీద, స్వామి సన్నిధిలో."

ఆమె బిందె దించి గడప మీద కూలబడింది. నాకు ఒళ్లంతా మండిపోయింది. వాణ్ణి ఈ రోజుకీ క్షమించలేదు.