ఉత్తి మాట

చిన్నతల్లి దగ్గర మొదటిసారి చేపలు కొనబోయిన రోజున నాకు ఒళ్లు మండిపోయింది. నాది అరసవల్లి. వ్యానులో ఐసు దిమ్మలు వేసుకుని, ఎచ్చెర్ల దాటి, నత్తలపేట ఒడ్డుకి తోలడం నా పని. ఆ రోజు మా ఇంటికి చుట్టాలొస్తున్నారు. ఆవిడ గంపలో వంజరం తళతళలాడుతుంటే "తాజాదేనా అప్పా?" అని అడిగాను.

"నిన్నటిది. నిన్న నువ్వు తెచ్చిన ఐసులోనే ఉన్నాది. నీకు తెల్దేటి?" అంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. నా ముఖం మాడిపోయింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. "సుట్టాలకైతే ఇది వద్దు తమ్ముడా. ఆ బుల్లమ్మ కాడ కవ్వళ్లు ఇప్పుడే దిగినాయి, అవి తీసుకో" అని ఎదురు గంప వైపు చెయ్యి చూపించింది. వాళ్లిద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవని నాకు తరవాత తెలిసింది. మాటల్లేని మనిషి దగ్గరికి బేరం పంపేవాళ్లు కూడా ఉంటారా అని ఆ రోజంతా వ్యాను తోలుతూ అదే ఆలోచించాను.

నత్తలపేటలో అప్పట్లో మాటలు రెండు రకాలుగా ఉండేవి. ఒకటి దీపం మాట, రెండోది ఉత్తి మాట. తగువేదైనా వస్తే కులపెద్ద పోతురాజు ఊరినంతా గంగమ్మ గుడి ముందు కూర్చోబెట్టేవాడు. ప్రమిదలో దీపం వెలిగించేవారు. నింద పడ్డ మనిషి గానీ, అతని తరపున సాక్ష్యం చెప్పేవాళ్లు గానీ తమ మాట చెప్పి, అరచేత్తో ఆ దీపాన్ని ఆర్పాలి. అబద్ధమాడి ఆర్పితే ఆ ఇంటి మనిషిని సముద్రం తీసుకుపోతుందని నమ్మకం. మొగుళ్లనీ కొడుకుల్నీ రోజూ సముద్రం మీదికి పంపించే ఇళ్లకి అంతకు మించిన భయం ఏముంటుంది? దీపం ముందు ఎవరూ అబద్ధమాడరు. భలే ఊరు అనుకున్నాను నేను.

ఆ ముచ్చట ఎంతో కాలం నిలవలేదు. దీపం మీద చెప్పనిదేదీ వాళ్ల లెక్కలో మాటే కాదు. "రేపు పెద్ద పడవ దిగుతాది, ఇంకో నాలుగు దిమ్మలు పట్టుకురా" అనేవారు. తీరా తెస్తే పడవా ఉండదు, పలకరించే మనిషీ ఉండడు. నా ఐసంతా కరిగి ఇసకలో కలిసిపోయేది. "అదేటి మావా, దిగుతాదన్నావు?" అని అడిగితే "దీపం మీద సెప్పినానేటి? ఉత్తి మాటే కదా" అని నవ్వేవారు. గోలీలాడే పిల్లలు కూడా "దీపమేటి?" అని అడిగి గానీ ఎదుటివాడి మాట నమ్మేవారు కాదు. ఎంత మంచి కట్టుబాటుకి ఎంత దరిద్రపు పిల్ల పుట్టిందిరా బాబూ అని తిట్టుకుంటూ ఖాళీ వ్యాను తిప్పుకునేవాణ్ణి.

ఆ ఊళ్లో ఒకే ఒక్క రకం మాట ఉన్న మనిషి చిన్నతల్లి. కోటబొమ్మాళి సంతలో ఎండుచేపలు అమ్మేటప్పుడు ఏది బాగా ఎండిందో, ఏది మబ్బు పట్టిన రోజున ఆరేసిందో అడక్కుండానే చెప్పేసేది. మొదట్లో దించిన గంప దించినట్టే మోసుకొచ్చేదట. తరవాత్తరవాత సంతకొచ్చే ఆడవాళ్లు వేరేచోట బేరమాడి, కొనేముందు ఈవిణ్ణి అడిగి వెళ్లడం మొదలుపెట్టారు. బుల్లమ్మతో మాటలు పోయింది కూడా అక్కడే. బుల్లమ్మ కూతురికి కోటబొమ్మాళి పక్క నుంచి సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు తల్లి సంతలో పిల్ల ఎలాంటిదని అడిగింది. "మంచి గుంట, పనిమంతురాలు. కోపం మాత్రం బాగా ఉన్నాది. అలిగితే కంచం ఇసిరీస్తాది" అంది చిన్నతల్లి. సంబంధం తప్పిపోయింది. బుల్లమ్మ ఒడ్డున నిలబడి చిన్నతల్లిని ఏడు తరాలూ కలిపి తిట్టి, ఆనాటి నుంచి మొహం చూడడం మానేసింది. ఇందులో నాకు బుల్లమ్మ వైపే న్యాయం ఉందనిపించింది. చిన్నతల్లితో అదే అంటే "నిజివే, అడక్కపోతే సెప్పకపోదును. అడిగింది కదా మరి" అంది.

ఆవిడ భర్త నూకయ్య. ఒకప్పుడు ఎవరి పడవలోనో లంగరు పోతే అతన్ని అనుమానించారు. అతను దీపం ముందు నిలబడి, తను తియ్యలేదని చెప్పి, ఆర్పి ఇంటికి వచ్చాడు. ఆ నెలలోనే సముద్రం మీద పోయాడు. ఊరు ఇంకేమీ ఆలోచించలేదు. దీపం జవాబు చెప్పిందని పోతురాజే అన్నాడట. ఆనాటి నుంచి చిన్నతల్లి దొంగ ప్రమాణం చేసినవాడి పెళ్లాం. పిల్లలు లేరు. చనిపోయిన అక్క కొడుకు నాగబాబుని పెంచి పెద్దచేసింది. మళ్లీ గంగమ్మ గుడి ముందు కూర్చున్న మనిషి కాదు.

ఇదంతా ఒకెత్తు, హుద్‌హుద్ తుపాను వెళ్లిన మరుసటి వేసవిలో జరిగింది ఒకెత్తు.

తుపానుకి ఊళ్లో వలలు చాలావరకు పోయాయి. కూర్మయ్య ఇంట్లో ఆడవాళ్ల మెడలో బంగారం తీసి కొత్త వల కొనుక్కున్నాడు. ఒకరోజు సముద్రంలో అతని వలా నాగబాబు వలా చిక్కుపడ్డాయి. కోసి విడదీయాల్సి వచ్చింది. ఒడ్డుకొచ్చాక ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. "నీ వల తగలెట్టీకపోతే సూడు" అన్నాడు నాగబాబు, ఊరంతా వింటూండగా. మర్నాడు మధ్యాహ్నం అందరూ ఎండకి ఇళ్లల్లో పడుకున్న వేళ, ఒడ్డున కుప్పగా పడున్న కూర్మయ్య వల నిజంగానే కాలిపోయింది.

ఆ సమయానికి నాగబాబు కోటబొమ్మాళిలో ఉన్నాడు. పిన్ని ఎండుచేపల మూటలు మోసుకుని ఆమెతో పాటు సంతకి వెళ్లాడు. ఊరి నుంచి ఆ రోజు ఇంకెవరూ వెళ్లలేదు. అంటే సాక్ష్యం ఒక్క చిన్నతల్లే. ఆవిడ వచ్చీ రాగానే చెప్పింది. పోతురాజు ఒప్పుకోలేదు. "ఉత్తి మాట ఇనీసి ఒగ్గీలేను. దీపం ఆర్పమను" అన్నాడు.

నాగబాబు ఆర్పడానికి లేదు. అతని భార్య దేవికి నెలలు నిండాయి. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి ఉండగా మొగుడు దీపం ఆర్పకూడదని అక్కడి ఆచారం. కాబట్టి చిన్నతల్లి ఆర్పాలి. లేకపోతే నేరం నాగబాబుదే అవుతుంది. ఊరంతా కలిసి లాగి పంచుకునే పెద్దవల తాడు అతను ముట్టకూడదు, అతని పడవ ఎవరూ ఎక్కకూడదు. ఒంటిచేత్తో పడవ నడవదు. తాడు పోయిందంటే పుట్టబోయే బిడ్డతో సహా ఊరు వదిలి ఎక్కడో కూలికి పోవాల్సిందే.

చిన్నతల్లి ఆర్పనంది.

దేవి ఏడ్చింది. నాగబాబు రెండుపూటలా అన్నం మానేశాడు. నేను కూడా ఐసు దింపడం ఆపేసి ఆవిడ మీద అరిచాను. "నువ్వు చెప్పేది నిజమే కదా అప్పా. చెయ్యి పెట్టి ఒక్కసారి ఆర్పేస్తే నీదేం పోయింది? ఈ పంతం ఎవరి మీద?"

ఆవిడ గంప మీద గోనెపట్టా సర్దుతూ నెమ్మదిగా చెప్పింది. "మీ బావ నిజివే సెప్పి ఆర్పినాడు. సముద్రం తీసుకుపోనాది. నిజం సెప్పినోడికి ఆ దీపం ఏటి కాపలా కాసినాది? రేపు నాను ఆర్పినాననుకో, ఆ గుంట పురుట్లో ఏటైనా అయితే ఊరు ఏటంటాది? నాను అబద్దమాడినానంటాది. నాగబాబుని మళ్లీ దొంగని సేస్తాది. తమ్ముడా, నా మాటకి పూచీ నాను. సముద్రం కాదు."

నేను మళ్లీ ఐసు దిమ్మలు దింపడం మొదలుపెట్టాను. కోపం మాత్రం తగ్గలేదు, కాకపోతే అది అక్కణ్ణించి పోతురాజు మీదికి మళ్లింది.

మర్నాడు పొద్దు వాలుతుండగా ఊరంతా గంగమ్మ గుడి ముందు కూర్చుంది. ప్రమిద వెలిగించారు. నేను వ్యాను పక్కన పెట్టి నిలబడ్డాను. నా ఊరు కాదు గనక కూర్చునే హక్కు నాకు లేదు. చిన్నతల్లి చాలా ఏళ్ల తరవాత ఆ ఇసకలో అడుగుపెట్టింది.

"సెప్పు" అన్నాడు పోతురాజు.

"వల కాలిన ఏళకి నాగబాబు నాతో సంతలో ఉన్నాడు" అంది.

"దీపం ఆర్పు."

"ఆర్పను."

గుసగుసలు లేచాయి. కూర్మయ్య లేచి నిలబడి "ఇంకేటి సూస్తారు, తేలిపోనాది కదా" అన్నాడు. చిన్నతల్లి అతని వైపు చూడలేదు, ఊరి వైపు తిరిగింది. "నాను ఇక్కడే పుట్టినాను, ఇక్కడే ముసలిదాన్నయిపోతన్నాను. రోజూ మీ మధ్యనే మాటాడతన్నాను. నాను అబద్దమాడగా ఇన్నోళ్లు ఎవులైనా ఉంటే లెగండి. ఒక్కలు లెగిసినా సాలు, నాగబాబు తాడు తీసీండి" అంది.

ఇంత ఊళ్లో పాత కక్ష ఒక్కటి చాలదా ఆవిణ్ణి ముంచడానికి?

లేచింది బుల్లమ్మ.

దేవి కొంగు నోట్లో కుక్కుకుంది. బుల్లమ్మ కొంగు బిగించి, చిన్నతల్లి మొహం చూడకుండా, పోతురాజుతో మాట్లాడింది. "దీని నోరంటే నాకు మంట మావా. నా కూతురి సంబంధం సెడగొట్టినాది. ఆ గుంట కంచం ఇసిరీస్తాదని సెప్పీసినాది. మరి ఇసిరీస్తాది కదా? నా కంచవే ఎన్నిసార్లు ఇసిరినాదో. అబద్దమాడితే నా సంబంధం నిలబడును. నా కోసరమే ఆడనేదు, ఆ నాగబాబు కోసరం ఆడతాదేటి?" అని కూర్చుంది.

ఎక్కడో ఎవరో నవ్వారు. తరవాత లక్ష్మణమ్మ అనే ముసలామె లేచింది. తన కొడుకు తాగి సంతలో పడిపోతే, ఊళ్లో అందరూ జ్వరమని చెప్పగా చిన్నతల్లి ఒక్కతే డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పి తన పరువు తీసిందనీ, అయినా అందువల్లే వాడు ఈరోజుకి దక్కాడనీ అంది. ఇంకో ఇద్దరు లేచారు. అందరూ చెప్పింది ఆవిడ మీద ఫిర్యాదులే. ఒక్క ఫిర్యాదులోనూ అబద్ధం లేదు. పోతురాజు గెడ్డం రుద్దుకుంటూ వింటున్నాడు.

అప్పుడు లేచాడు వెంకీ. కూర్మయ్య పడవలోనే కళాసీ, పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు. "వల కాల్సింది నాను. కావాలని కాదు మావా. వల నీడన పడుకుని బీడీ తాగినాను. నిద్దరట్టీసినాది. లెగిసేతలికి అంటుకున్నాది" అన్నాడు.

కూర్మయ్య ఒక్క ఉదుటున వాడి చొక్కా పట్టుకున్నాడు. పోతురాజు లేచి విడిపించాడు. "ఒరే, ఇన్ని దినాలూ ఏల సెప్పనేదు?" అని అడిగాడు.

వెంకీ చెప్పిన జవాబు ఆ ఊళ్లో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చెప్పలేడు. "నన్ను దీపం మీద ఎవులూ అడగనేదు కదా మావా."

ఎవరూ నవ్వలేదు. వాడు వెక్కిళ్లు పెడుతూ "ఇప్పుడూ ఎవులూ అడగనేదు. ఉత్తి మాటే సెప్తన్నాను. అప్ప అలగ నిలబడితే నాను కూకోలేకపోనాను" అన్నాడు.

ఆ మాటకి నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. సముద్రం పేరు చెప్పి తరతరాలుగా భయపెట్టి నిజాలు రాబట్టిన చోట, ఎవరూ అడక్కుండా ఒకడు తనంతట తాను లేచి నిజం చెప్పాడు. వాడి నేరం వాడిదే, వల నేసి ఇచ్చేదాకా కూర్మయ్య ఇంట్లో చాకిరీ చెయ్యాలని ఊరు తీర్పు చెప్పింది. నాగబాబు తాడు నాగబాబుకే ఉండిపోయింది. దేవి వచ్చి చిన్నతల్లి భుజం మీద తల పెట్టుకుంది.

జనం లేవబోతుంటే పోతురాజు ఆగమని చెయ్యెత్తాడు. పెద్ద మనిషి, ఎవరి ముందూ తల వంచి ఎరగడు. దీపం దాటుకుని చిన్నతల్లి దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఈయాల నువ్వు నిలబడకపోతే ఈ దీపం పెట్టి ఒక మంచోడి తాడు తెంపీదుం. ఆ దినం నూకయ్య అబద్దమాడినాడని అన్నది నానే. సముద్రం ఎవుల్ని ఏల తీసుకుపోతాదో నాకేటి తెలుసు? నూకయ్య నిజివే సెప్పినాడు" అన్నాడు.

చిన్నతల్లి అతని వైపు తిరిగింది.

"దీపమేటి పోతురాజు బావా, ఉత్తి మాటేటి?"

"ఉత్తి మాటే."

"అయితే నమ్ముతాను" అంది.

అందరూ ఇళ్లకి బయలుదేరారు. గాలికి ప్రమిద వత్తి రెపరెపలాడుతుంటే, ఆర్పడానికి అలవాటుగా ఎవరో చెయ్యి చాపారు. చిన్నతల్లి వెనక్కి తిరిగి "ఎలగనీండి" అంది. ఆ చెయ్యి వెనక్కి పోయింది. నూనె ఉన్నంతసేపూ ఆ దీపం వెలుగుతూనే ఉంది.